ఆఖరి గడి నింపిన సరంగు

ఐసు గోడౌను తలుపు మీద ఆ కాగితం ఎవరు అంటించి వెళ్ళారో ఎవరూ చూడలేదు. బోట్లు కడిగే వేళకి అది అక్కడుంది. సముద్రపు తేమకి అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. దాని ముందు పదిమంది గుమిగూడారు. వెనక నిలబడ్డ నత్త సరంగు కళ్ళజోడు కోసం జేబులు వెతుక్కుని, అది బోటులోనే ఉండిపోయిందని గుర్తొచ్చి, ముందున్నవాడి భుజం మీంచి కళ్ళు చిట్లించి చదివాడు. మొదటి రెండు వాక్యాలూ మామూలు ఆఫీసు భాషే. మూడో వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఈ రేవు కిరాయి బోట్ల వారు ఇచ్చిన రోజువారీ పుస్తకాల ప్రకారం, పట్టి తిరిగి నీటిలో వదులుతున్న ఎర్రచేపల్లో పదింటికి నాలుగు చచ్చిపోతున్నట్టు తెలియుచున్నది. కావున వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఈ ఏడాదికి ఎర్రచేపల వేటను పూర్తిగా నిలిపివేయదలచడమైనది. అభ్యంతరాలున్నవారు శనివారం ఉదయం పది గంటలకు..."

"ఎవడ్రా రాసింది?" అన్నాడు ముందు వరసలో ఒకడు.

"మనవాడెవడు రాస్తాడు? ఆఫీసులో కూర్చుని అల్లిన కథ."

"కథ కాదు. పుస్తకాల ప్రకారం అని ఉంది చూడు. మనలోనే ఉన్నాడు ఒక సత్యహరిశ్చంద్రుడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సరంగు చేయి తనకి తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. అందులో ఆ పుస్తకం రాసిన పెన్నుంది.

ఆ రేవులో కిరాయి బోట్లు పదమూడు. వలలు వేసి చేపలమ్ముకునే బోట్ల సంగతి వేరు. ఇవి సరదాకి గాలం వేసేవాళ్ళని సముద్రం మీదికి తీసుకెళ్ళే బోట్లు. తెల్లవారేసరికి ఊళ్ళ నుంచి కార్లలో వస్తారు, కొత్త టోపీలు పెట్టుకుని. సరంగు వాళ్ళని రెండు గంటల దూరం తీసుకెళ్ళి, నీటి అడుగున రాతిదిబ్బ ఉన్న చోట బోటు ఆపి, గాలాలకి ఎర గుచ్చి చేతికిస్తాడు. వాళ్ళొచ్చేది ఎర్రచేప కోసమే. వేరే చేప పడితే ఫోటో కూడా తీసుకోరు. ఎర్రచేప లేదంటే పదమూడు బోట్లూ ఒడ్డునే. బోట్లు ఒడ్డునుంటే టీకొట్టులో పాలు విరిగిపోతాయి, లాడ్జి గదుల్లో బూజు పడుతుంది, ఎర అమ్మే ముసలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని వచ్చిన దారినే పోతుంది.

ఆ చేపకి నిబంధనలు ముందునుంచీ ఉన్నాయి. మనిషికి రెండే. మోచేతి పొడవుకి తక్కువైతే తిరిగి వదిలేయాలి. ఇక్కడే ఉంది తిరకాసు. ముప్పై బారల లోతు నుంచి గబగబా పైకి లాగిన చేపకి లోపలి గాలి సంచి ఉబ్బిపోతుంది. పొట్ట బెలూనవుతుంది, కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. నీళ్ళలో వదిలినా కిందికి పోవడం దాని వల్ల కాదు. వెల్లకిలా తేలుతుంది. సముద్రపు పిట్టలు అక్కడక్కడే తిరుగుతూ ఉంటాయి, వాటికి తెలుసు.

సాయంత్రం ప్రతి బోటువాడూ ఆఫీసు పుస్తకంలో ఒక వరస నింపాలి. ఎన్ని పట్టారు, ఎన్ని ఉంచుకున్నారు, ఎన్ని వదిలారు. ఆఖరి గడి, వదిలాక చచ్చినవి ఎన్ని. ఆ గడిలో గుండుసున్నా చుట్టడం ఆ రేవు ఆనవాయితీ. "అది పిట్టల గడి" అనేవాళ్ళు. "పిట్టలు తిన్నదానికి మనమెందుకు చెప్పాలి లెక్క?" కొందరైతే నెల మొదట్లోనే ముప్పై సున్నాలూ ఒకేసారి చుట్టేసేవాళ్ళు, చేయి తిరిగినప్పుడే పని అయిపోతుందని.

నత్త సరంగు కూడా ఇరవై ఏళ్ళు సున్నాలే చుట్టాడు. మూడేళ్ళ కిందట ఒక టీచరమ్మ, ఉద్యోగం విరమించినావిడ, తన అన్నదమ్ములతో బోటెక్కింది. ఆవిడ గాలానికి చిన్న ఎర్రచేప పడింది. సరంగు కొలిచి, చాలదని చెప్పి నీళ్ళలో వదిలాడు.

"ఇంటికెళ్ళిపోతుందా బాబూ?" అంది ఆవిడ.

"వెళ్ళిపోతుందమ్మా."

ఆవిడ బోటు వెనక్కి వెళ్ళి చూస్తూ నిలబడింది. చేప తేలింది. పిట్ట వచ్చింది. ఆవిడ తన గాలం చుట్టేసి పక్కన పెట్టింది. ఒడ్డున దిగేటప్పుడు, "నా మనసు కష్టపెట్టకూడదని అలా అన్నావు కదూ" అని అతని చేతి మీద తట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం సరంగు ఆఖరి గడిలో మూడు అని రాశాడు. ఒకసారి మూడు రాసిన చేయి మళ్ళీ సున్నా చుట్టడానికి ఒప్పుకోలేదు. రోజూ తేలినవి లెక్కపెట్టి రాస్తూ పోయాడు. ఆఫీసుకి పంపిన కాగితాన్ని అక్కడెవరైనా చదువుతారని అతను కలలో కూడా అనుకోలేదు.

అతను ఇంటికొచ్చేసరికి భార్య ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గోడ మీది క్యాలెండరులో పెన్సిలు రాతలు రబ్బరుతో చెరిపేస్తున్నది. బుకింగులన్నీ ఆమే చూస్తుంది.

"లేదండీ, ఇంకా ఖాయం కాలేదు... సరేలెండి, మీ ఇష్టం." ఫోను పెట్టేసింది. "ఇది మూడోది. కాగితం అంటించి పూట కాలేదు, ఊళ్ళ వాళ్ళకి ఎలా తెలుస్తుందో."

సరంగు గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. "ఆ పుస్తకం నాదే" అన్నాడు.

"ఏ పుస్తకం?"

"పదింటికి నాలుగు."

రబ్బరు పట్టుకున్న చేయి గాల్లోనే ఆగిపోయింది. "మీరా? కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మూడు రోజులు ఆలోచించే మనిషి!"

"ఉన్నదే రాశాను."

"లేనిది రాశారని నేనన్నానా? రాసిన రోజు నాతో ఒక ముక్క చెప్పాల్సింది." ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. "మా తమ్ముడికి తెలిస్తే రేవంతా తెలిసినట్టే. వాడికి మైకు అని ఊరికే పేరు పెట్టలేదు."

"నువ్వు చెప్పకు."

"నేను చెప్పను. మీ మొహం చెప్పకుండా చూసుకోండి."

ఆ మొహాన్ని దాచుకోవడమే ఆ నాలుగు రోజులూ అతని పని. టీకొట్టు దగ్గర ఎవరైనా మాట ఆపితే తన గురించేననుకున్నాడు. ఎవరూ ఆపకపోతే, తెలిసే ఆపడం లేదనుకున్నాడు. నలభై ఏళ్ళుగా తెలిసిన తాడు ముడి రెండుసార్లు తప్పు వేశాడు. ఎర అమ్మే ముసలమ్మ, "ఏం సరంగూ, ఎర్రచేప మూసేస్తే నన్ను కూడా నీ బోటెక్కించుకుని ఎక్కడైనా దింపేస్తావా?" అని నవ్వుతూ అడిగింది. సరంగు బకెట్టు తీసుకుని అటు తిరిగాడు.

శుక్రవారం సాయంత్రం మైకు వచ్చాడు. కిరాయి బోట్ల సంఘానికి అధ్యక్షుడు, సరంగుకి స్వయానా బావమరిది. వీధి మొదట్లో ఉండగానే గొంతు ఇంట్లోకి వచ్చేసింది.

"బావా! తలుపేసుకుని కూర్చున్నావేంటి బావా, కొత్త పెళ్ళికూతురిలా?" లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, మడిచిన కాగితం ఒకటి తీశాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు. మిగతా పదకొండు మందినీ ఎదురుగా నిలబెట్టి అడిగాను. అందరూ నా కళ్ళలోకి చూసి కాదన్నారు."

"నన్నడగలేదే?" అన్నాడు సరంగు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

మైకు పగలబడి నవ్వాడు. "నిన్నా? చీమ ఎదురొస్తే పక్కకి తప్పుకునే మనిషివి. నీకంత గుండె ఎక్కడిది బావా! అక్కా, విన్నావా నీ మొగుడి మాట?"

అక్క పొయ్యి దగ్గర గిన్నె కడుగుతూ వెనక్కి తిరగలేదు.

కాగితంలో ఉన్నది ఒకే మాట. మా బోట్లలో తిరిగి వదిలిన ఎర్రచేప ఒక్కటి కూడా చావలేదు, పుస్తకంలో ఎవరో పొరపాటున రాశారు. కింద పన్నెండు సంతకాలు. "నీదొక్కటే మిగిలింది. పెట్టేసెయ్యి."

"చేతులు తడిగా ఉన్నాయి."

"తుడుచుకో."

భార్య తుండుగుడ్డ తెచ్చి ఇచ్చింది, అతని వైపు చూడకుండా. సరంగు చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ మధ్య కూడా తుడుచుకున్నాడు. ఇంక తుడవడానికేమీ మిగల్లేదు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

మైకు వెళ్ళాక ఇల్లు ఒక్కసారి బోసిపోయింది.

"నీ తమ్ముడి ముందు ఏమనమంటావు?" అన్నాడు సరంగు, ఎవరూ ఏమీ అడగకుండానే.

"మా తమ్ముడి సంగతి వదిలేయండి. ఇప్పుడా ఆఫీసులో మీ రాతలు రెండుంటాయి. రెంటిలో ఒకటి అబద్ధం." అతనికి అదే ఎక్కువైంది.

శనివారం సంఘం హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నెత్తి మీద ఫ్యాను తిరిగినప్పుడల్లా టక్కుమంటున్నది. మత్స్యశాఖ నుంచి వచ్చినావిడ చిన్న వయసుది. రేవులో అందరూ ఆమెని ఆఫీసరమ్మ అనేవాళ్ళు, కొంచెం మర్యాదగా, ఎక్కువ వెటకారంగా. మైకు ఉత్తరం అందించాడు. ఆమె మొత్తం చదివి, సంతకాలు వేలితో లెక్కపెట్టి, పక్కన పెట్టింది.

"పదమూడు బోట్లలో పన్నెండింటి పుస్తకాల్లో మొదటినుంచీ ఆఖరి గడిలో సున్నాలే" అంది. "కొన్ని పుస్తకాల్లో నెలంతా ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే సైజు సున్నా. ముప్పై బారల లోతు నుంచి వచ్చిన చేప ఒక్కటీ చావలేదంటే నన్ను నమ్మమంటారా? వాటిని పక్కన పెట్టేశాం. ఒక్క పుస్తకంలో మాత్రం రెండేళ్ళ పాటు రోజుకో అంకె ఉంది. దాన్నే ఆధారం చేసుకున్నాం."

"ఆ ఒక్కడూ ఎవరండీ?" మైకు గొంతుకి మైకు అక్కర్లేకపోయింది.

"పేరు చెప్పను. చెప్పినా పెద్ద లాభం లేదు." ఆమె కాగితాలు సర్దుకుంటూ అంది. "పోయిన ఏడాది నుంచి ఆయన కూడా మారిపోయారు. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. ఇన్నాళ్ళకి ఆయనా మీ అందరిలాగే నేర్చుకున్నారు. అందుకే ఆ ఏడాది లెక్క కూడా తీసేశాం."

సరంగు చెవులు వేడెక్కాయి.

పోయిన ఏడాది. భార్య ఉల్లిపాయలు పోసుకునే ప్లాస్టిక్ బుట్టని అడక్కుండా పట్టుకుపోయి, నాలుగు మూలలా సీసపు గుళ్ళు కట్టి, అడుగుకి తాడు వేసిన ఏడాది. ఉబ్బిన చేపని బోర్లించిన బుట్ట కింద పెట్టి మెల్లగా వదిలితే, బరువుకి బుట్టా చేపా కలిసి దిగుతాయి. లోతుకి పోయేకొద్దీ పొట్ట మళ్ళీ సర్దుకుంటుంది. అప్పుడు తాడు లాగితే ఖాళీ బుట్ట పైకొస్తుంది, చేప దాని దారిన అది పోతుంది. ఒక్కో చేపకి రెండు మూడు నిమిషాలు. అందుకే అందరి బోట్లూ వచ్చేసిన అరగంటకి గానీ అతని బోటు రేవు చేరేది కాదు. అందుకే నత్త అన్నారు. ఆ పేరు పడనిచ్చాడు కానీ బుట్ట సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఎందుకంత తాపత్రయం, ఆ గడిలో నువ్వేం రాస్తున్నావేంటి అని అడుగుతారని భయం.

రెండేళ్ళు చచ్చినవి రాస్తే నమ్మారు. బతికించినవి రాస్తే అబద్ధమన్నారు.

అతను ఎప్పుడు లేచాడో అతనికి తెలియదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడుకి అందరూ తిరిగారు.

"ఆ పుస్తకం నాదమ్మా."

ఫ్యాను టక్కుమంది. ఆఫీసరమ్మ ఉత్తరం చేతిలోకి తీసుకుని కిందనుంచి పైకి చూసింది. "మరి ఇందులో పదమూడో సంతకం?"

"అదీ నాదే." సరంగు గొంతు పీలగా వచ్చింది. "అది అబద్ధం. పుస్తకం మూడేళ్ళూ నిజమే."

వెనక ఎవడో, "వార్నీ, నత్తా!" అన్నాడు. మైకు లేవలేదు, అరవలేదు. అతను నోరు మూసుకుని ఉండడం రేవు చూడడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర ఆడవాళ్ళతో నిలబడ్డ అక్క వైపు ఒకసారి చూశాడు. ఆమె తల దించుకోలేదు.

సరంగు బుట్ట గురించి చెప్పాడు. వరస తప్పి, ముందు తాడు, తర్వాత ఉల్లిపాయలు, తర్వాత సీసం, మధ్యలో టీచరమ్మ. మాటలు చాలని చోట చేతులతో చూపించాడు. జేబులోంచి సొంత నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. ఏ చేప, ఎంత లోతు, బుట్ట ఎంతసేపు, తేలిందా లేదా, పోయిన ఏడాది ప్రతి రోజూ అందులో ఉంది. చేపరక్తపు వేలిముద్రలతో సహా.

"ఓహో, రోజూ ఆలస్యం ఇందుకా! మేమింకా ఇంటికెళ్ళడం ఇష్టం లేకేమో అనుకున్నాం" అన్నాడు గోడ దగ్గరివాడు. కొందరు నవ్వారు. చాలామంది నవ్వలేదు.

ఆఫీసరమ్మ చాలాసేపు తిప్పి చూసింది. "ఒక్క మనిషి మాట మీద వేట తెరిచి ఉంచలేను. అందులోనూ ఆ మనిషి నిన్న ఒకటి రాసి ఇవాళ ఒకటి చెబుతున్నారు" అంది. సరంగు తలూపాడు, అందులో తప్పేముంది. "మూడు వారాలు చూస్తాను. పదమూడు బోట్లలోనూ ఈ బుట్ట ఉండాలి. రోజుకో బోటులో నేనొస్తాను, మిగతా బోట్లలో మీరే రాస్తారు. నిజంగా తగ్గితే వేట ఉంటుంది. మళ్ళీ అన్నీ సున్నాలొస్తే మాత్రం, ఒకటో తేదీన మూసేస్తాం."

ఆ వారం సరంగు ఇంటి వైపు ఎవరూ రాలేదు. టీకొట్టువాడు గ్లాసు బల్ల మీద పెట్టి పోయేవాడు, చేతికిచ్చేవాడు కాదు. రేవులో బోట్లన్నీ ఒక పక్క, అతనిది ఒక పక్క. అతనికి ఆ బాధ కంటే ఇంకొకటి పెద్దదైంది. వాళ్ళు బుట్టలు కడతారా? కట్టినా వాడతారా? వాడినా, ఇరవై ఏళ్ళు సున్నాకి అలవాటుపడిన పన్నెండు చేతులు ఒకటి, రెండు అని రాస్తాయా? ఇన్నాళ్ళూ ఆఫీసు లెక్క ఒక్క తన పుస్తకం మీదే నడిచింది. ఇప్పుడు ఊరి బతుకంతా వాళ్ళ పెన్నుల మీద ఉంది.

ఐదో రోజున మైకు వచ్చాడు. గడప దాటలేదు. బావని చూడనట్టే అక్కతో మాట్లాడాడు.

"అక్కా, ఆ బుట్టకి సీసం ఎంత కట్టాలో మీ ఆయన్ని కనుక్కో."

సరంగు మూడు అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. "మూలకి కిలో చొప్పున కట్టమను" అన్నాడు భార్యతో.

"మూలకి కిలోనట."

"తాడు ఎంతుండాలో?"

"నలభై బారలు. అడుగు తగలక్కర్లేదని చెప్పు."

"విన్నావుగా, నేను మళ్ళీ చెప్పాలా?" అంది ఆమె విసుక్కుంటూ. "మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా రేడియోనా?"

మైకు నవ్వబోయి ఆపుకున్నాడు. "నా ఉల్లిపాయలు కూడా కింద పోసేశాను అక్కా. మీ మరదలు నిన్నటి నుంచి మాట్లాడట్లేదు" అని వెళ్ళిపోయాడు. బావతో మాత్రం మాట్లాడలేదు.

బుట్టల పరీక్ష మొదలైన రోజు ఆఫీసరమ్మ నత్త సరంగు బోటే ఎక్కింది. గాలి కాస్త ఎక్కువగా ఉంది. నలుగురు కిరాయివాళ్ళు గాలాలు వేశారు. పదింటికల్లా ఐదు చేపలు తిరిగి వదలాల్సినవి వచ్చాయి. ఒక్కొక్కటీ బుట్ట కింద పెట్టి, సరంగు తాడు బారలు లెక్కపెడుతూ దింపాడు. బుట్ట ఖాళీగా పైకొచ్చాక కూడా నీళ్ళనే చూస్తూ నిలబడేవాడు. ఆఫీసరమ్మ కూడా చూసేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఏదీ తేలలేదు.

సున్నా. ఆ రోజు అతనికి ఆ సున్నా అంటేనే భయమేసింది.

దూరంగా మైకు బోటు కనిపిస్తున్నది, పిట్టలు దాని వెనకే తిరుగుతున్నాయి. అంత దూరం నుంచి నీళ్ళలో ఏముందో తెలియదు. మిగతా బోట్లు ఇంకా అవతల ఎక్కడో ఉన్నాయి. బోట్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో పొద్దుటి నుంచీ మూగగా ఉంది. మామూలు రోజుల్లో అయితే అందులో మైకు పాటలు, బూతులు, ఎవరికెన్ని పడ్డాయన్న గొప్పలు.

పదకొండు దాటాక రేడియో గరగరలాడింది.

"బావా."

పన్నెండు బోట్లలోనూ ఆ గొంతు వినిపించి ఉంటుంది. ఆఫీసరమ్మ తలెత్తింది. సరంగు రేడియో అందుకున్నాడు. పది రోజుల తర్వాత వాడి నోట ఆ పిలుపు.

"చెప్పరా."

"ఆరు వదిలాను. బుట్టలోనే వదిలాను, నువ్వు చెప్పినట్టే." కాసేపు గాలి చప్పుడు. "ఐదు పోయాయి. ఒకటి తేలింది బావా. తాడు తొందరగా లాగానేమో."

సరంగు దూరంగా ఆ పిట్టల వైపు చూశాడు.

"పిట్ట తినేసింది. ఎవరూ చూడలేదు, ఈ బోటులో ఆఫీసువాళ్ళు లేరు." మళ్ళీ గాలి. "రాయమంటావా?"

పక్కనే నిలబడిన ఆఫీసరమ్మ అతని వైపు కాకుండా సముద్రం వైపు తిరిగింది. సరంగు మీట నొక్కాడు.

"రాయరా."

రేడియోలో కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత మైకు గొంతు వచ్చింది, అలవాటు లేనంత చిన్నగా.

"ఒకటి. రాశాను. చేయి సున్నా చుట్టబోయింది బావా, కొట్టేసి రాశాను. కొట్టివేత ఉంటే ఒప్పుకుంటారా, అడుగు."

సరంగు రేడియో పట్టుకునే ఆఫీసరమ్మ వైపు చూశాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఒప్పుకుంటామని తలూపింది.